దిగితె మనిషి

పదమూడో నంబరు బిల్డింగుకు
రెండు నీళ్ల డబ్బాలు, గుడ్ల అట్ట ఒకటి,
ఏడో అంతస్తు ఫిలిప్పీను పిల్లకు ఫోను కార్డు.
ఫ్రిజ్ మురార్‌ల పగటాల్ల రెండు కొట్టింది.
నేను, మొయిదీన్ కాక దుకానం సైకిలు,
కాళ్ల కింద గోధుమ రంగు నీడ.

ఈ సైకిలు లింబాద్రిది.
రోడ్డు పక్కపొంటి పోతుంటె
బస్సు గాలికి ఒరిగిండట.
బ్రేకు తీగ కొత్తది ఏసిన్రు, గంట కొత్తది.
సీటు మాత్రం ఆయన కూసున్న తీరుగనే
ఎడమదిక్కు వంగి ఉన్నది.
నేను కుడిదిక్కు మనిషిని.
నడుం నొస్తది, ఎవ్వలకు చెప్పను.

అందుకే ఫుట్‌పాతు ఎక్కుత.

నిన్న ఒక పోలీసు పిలగాడు చెయ్యి అడ్డంవెట్టిండు.
మీసం ఇంక కుదురుకోలేదు, చేతుల మిషను.
"మమ్‌నూ" అన్నడు.
ఈ దేశంల నేను నేర్సుకున్న రెండో మాట అది.
మొదటిది యల్లా.
ఒకటి ఉరుకుమంటది, ఒకటి ఆగుమంటది,
రెంటి నడుమ గుడ్ల అట్ట.

రోడ్డు దిక్కు చెయ్యి చూపిచ్చిన. బస్సు చూపిచ్చిన.
వంగిన సీటు చూపిచ్చిన, అదేందో ఆయనకు ఎర్కలేదు.
దర్జీ దుకానంలకెల్లి పెషావరు ముసలాయన అచ్చి
మాట అటు ఇటు మోసిండు:
"తోసుకుంట నడువు, ఏమనడు.
దిగితె నువ్వు మనిషివి,
ఎక్కితె బండివి."

గంతేనా.

తెల్లారి లెక్కవెట్టిన.
దుకానం గడప కాడ మనిషిని,
సందుల బండిని,
సిగ్నలు కాడ మల్ల మనిషిని,
మస్జీదు ఎనక ఎవ్వలు లేకుంటె సగం సగం.
పొద్దుమూకెటాల్లకు నలభై ఒక్కసార్లు మనిషినైన.
ఊర్ల ఉన్నన్ని దినాలు
గన్నిసార్లు అయిన్నో లేదో యాదికి లేదు.

ఆ మిషనులకెల్లి అచ్చిన చిట్టి
కాక గల్లాపెట్టెల పెట్టిండు.
"సగం నీది, సగం నాది" అన్నడు, మంచోడే.
సైకిలుకు సగం పడ్తదా అని అడుగుదామనుకున్న,
నవ్వు రాలేదు.

గియ్యాల అదే ఫుట్‌పాతు మీద
నాలుగేండ్ల పిల్ల, పక్క చక్రాల సైకిలు,
పట్టుకునే కాడ గులాబి రంగు కుచ్చులు.
ఎనక ఆయా ఉరుకుతున్నది.
గా పోలీసే పక్కకు జరిగి తొవ్విచ్చిండు,
సలాము గూడ కొట్టిండు.
ఆటకైతె అది బొమ్మ.
కైకిలికైతె సైకిలు.

రూలు తప్పని మాత్రం నేననను.
పోయిన రంజాన్‌ల,
బాంగుకు ఇంక పది నిమిషాలున్నదనంగ,
లబన్ డబ్బాలు ఏలాడేసుకోని
ఆ దర్జీ మూలమీద మలుపు తిరిగిన.
ముసలామె. చూడలేదు.
ఆమె పడలేదు గని
చేతిల జపమాల తెగింది.
పూసలు ఫుట్‌పాతు పొంటి,
మోరి జాలి పొంటి, నా చక్రాల కింద.

ఒక్క మాట తిట్టలేదు.
గోడకు ఆనుకోని నిలవడ్డది, రెండు దోసిళ్లు వట్టింది.
నేను మోకాళ్ల మీద ఏరుకుంట
ఒక్కొక్కటి అందిచ్చిన.
ముప్పై రెండు దొరికినయి.
ఆమె పెదవులతోటి లెక్కవెట్టి
ఇంకోటి, అన్నట్టు చూసింది.
అప్పుడే బాంగు అయ్యింది.

రాత్రి ఒంటిగంట దాటినంక
పోలీసుండడు, ఆయాలుండరు,
ఫుట్‌పాతు అంత నాదే.
గా మూల కాడ మాత్రం దిగుత.
తోసుకుంట, వంగి సూసుకుంట నడుస్త,
జాలి సందుల ఏమన్న మెరుస్తదా అని.

ఫోను మోగుతది.
"గుడ్లు ఏడవోయినయిరా? యల్లా!"

అస్తున్న కాకా.
ఇప్పుడు మనిషిని,
జెరసేపు పడ్తది.