ఒక చెవి

గంగపట్నం దాటినాక, సరుగుడు తోపు వెనక
ఆరు రొయ్యల గుంటలు.
ఆరింటికీ రాత్రి కాపలా నేనే, మాలకొండయ్యను.
చదివింది ఏడు. అదీ పూర్తిగా కాదు.

ఏరియేటర్లు తిరగతా ఉంటే ఎట్టుంటదంటే
వంద మంది ఆడోళ్లు ఒకేసారి
రేవులో గుడ్డలు జాడిస్తా ఉన్నట్టు.
పన్నెండేళ్లు అదే విన్నా.
విని విని, వినపడటం మానేసింది.

పక్క గుంటల పిల్లోడు సుభాని
ఫోనులో ఏందో నొక్కి చేతికిచ్చాడు.
"పాడ్‌కాస్టు అంటారు మామా. రేడియో మాదిరే,
కాకపోతే నీకోసం ఆగతాది."
నాకోసం ఆగింది అంతకు ముందు ఒక్కటీ లేదు.
మైపాడు బస్సు కూడా.

ఆ రాత్రి నుంచి
మేత చల్లతా ఉప్పు మీద పన్నుల చరిత్ర విన్నా.
చెక్‌ట్రే ఎత్తి చూస్తా
నక్షత్రాలు ఎట్ట చల్లారిపోతాయో విన్నా.
డాక్టరమ్మ షుగరు గురించి చెప్తే
టీలో చక్కెర సగానికి తగ్గించా, నిజం.
ఒకాయన అప్పుల గురించి చెప్తే మాత్రం
పాజు కొట్టి బీడీ ముట్టించా.

రొయ్యకు గుండె తలకాయలో ఉంటదంట!
పన్నెండేళ్లు వాటి మధ్యే బతికినోడికి
యాడనో ఏసీ గదిలో కూచున్న పిల్ల చెప్తే తెలిసింది.
టార్చి వేసి, చిన్నదాన్ని ఒకదాన్ని
అరచేతిలో పెట్టుకుని చూశా.
ఉంది.
కొట్టుకుంటా ఉంది.

తెల్లారి ఆ సంగతి మస్తానమ్మకు చెప్పా.
ఆమె చేపలు తోముతా తల ఎత్తకుండా అనింది:
"రాత్రి మూడు మాట్లు ఫోను చేస్తే
మూడు మాట్లూ కట్ చేసినావు.
దాని గుండె యాడుంటే నాకేంది,
నీ చెవి యాడుందో చెప్పు."

మా అవ్వ కథ చెప్పేటప్పుడు
ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోయేది.
"నిద్రబోయినావంట్రా?" అని తట్టేది.
ఈ గొంతులకు నా ఊఁతో పన్లేదు.
నేను నిద్రబోయినా, గుంటలో పడి చచ్చినా
వచ్చే వారం మళ్లీ కలుద్దాం అంటాయి,
నవ్వతానే.

మబ్బు పట్టి గాలాడని రాత్రి. రెండున్నర.
నాలుగో గుంటలో స్టార్టరు కాలి
చక్రాలు ఆగిపోయినయ్యి.
నా చెవుల్లో అప్పుడు ఒకడు
నడుం నొప్పి రాని పరుపు గురించి
కూపను నంబరుతో సహా చెప్తా ఉండాడు.
నేను ఆ పరుపు కొంటానా?
కొనను. అయినా విన్నా.

సుభాని గట్టెమ్మట పరిగెత్తుకోనొచ్చి
తీగ పట్టి లాగాడు.
వంద మందిలో ఓ పదిహేను మంది
గుడ్డలొదిలేసి లేచిపోతే
ఆ ఖాళీ ఎంత చప్పుడు చేస్తాదో
అప్పుడు విన్నా.

టార్చి వెలుగులో గట్టు పొడుగూతా
ఎర్రటి కళ్లు, మీసాలు,
గాలి కోసం నీళ్ల అంచుకు తేలి.
డీజిల్ ఇంజను హ్యాండిల్ తిప్పి తిప్పి
అరచెయ్యి తోలు లేచింది.
సగం పోయినయ్యి. సగమనేది ఓనరు లెక్క,
నా లెక్కలో కొంచెం తక్కువే.
రెండు నెలల జీతం మాత్రం
ఇద్దరి లెక్కలోనూ పోయింది.

ఇయర్‌ఫోన్లు కాలవలో పారేద్దామని పోయి
పారెయ్యలేక వచ్చా.
ఆ నక్షత్రాల పిల్ల ఇంకా పూర్తి చెయ్యలా.
రాత్రి ఎంత పొడుగో
గట్టు మీద కూచున్నోడికే తెలుసు.
కత్తెర తీసుకుని
ఎడమ తీగ కోసేశా.

ఇప్పుడు కుడి చెవి చదువుకుంటాది.
ఎడమ చెవి కాపలా కాస్తాది.
ఒకదాన్నొకటి నమ్మవు.

నిన్న పన్నెండు దాటినాక మస్తానమ్మ ఫోను.
నక్షత్రం సరిగ్గా పేలబోతా ఉండగా.
ఎత్తా.
చెల్లెలి కొడుకు కోవూరులో బండి తాకట్టు పెట్టిన సంగతి,
పాతదే, మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకునింది.
"ఊఁ" అన్నా.
టక్కున ఆగింది.
"ఏందీ?" అనింది.
"ఏం లేదు మే.
చెప్పు. ఊఁ."