బిట్రగుంట దాటాక

గేటు దగ్గర రిజిస్టర్లో
వచ్చిన పని అనే గడిలో
ఇంటర్వ్యూ అని రాశాను.
నా పై వరసలో ఐసు లోడు, దాని పైన డీజిలు.
"పెంచల ప్రసూనా? పొయ్యిరా అమ్మే,
చెప్పులు మాత్రం ఈడే ఇడువు" అన్నాడు వాచ్‌మన్.

లోపల క్లోరిన్ వాసన, ఎముకల్లోకి దిగే చలి.
అక్క దగ్గర అరువు తెచ్చుకున్న చుడీదార్
నాది కాదని భుజాల దగ్గర తెలిసిపోతానే ఉంది.
ముగ్గురు కూర్చుని ఉన్నారు.
ఒకాయన నా మార్కుల కాగితాన్ని
బేరం చేసే చేపలాగా అటూ ఇటూ తిప్పాడు.
ఒకామె ఫోన్లో ఉంది.
మూడో ఆయన, మాల్యాద్రి సారంట,
అప్పటిదాకా నోరు విప్పని మనిషి, అడిగాడు:
"పట్టిన రొయ్య తల నల్లబడుద్ది. ఎందుకు?"

కావలి కాలేజీ ల్యాబులో మూడేళ్ళు
ఏది చెడినా బాక్టీరియా మీదే కేసు పెట్టినదాన్ని.
"బాక్టీరియా సార్" అన్నాను, తడుముకోకుండా.
ఆయన తల కదిలింది.
అది అవునో కాదో
మెడ పట్టేసి తిప్పుకున్నాడో ఇప్పటికీ తెలీదు.
"మేమే కబురు చేస్తాం" అంది ఫోన్లోంచి తలెత్తినామె.

సాయంత్రం ప్యాసింజరు.
బిట్రగుంటలో ఒక ముసలామె వంకాయల గంప ఎక్కించి
నా మోకాళ్ళ సందుకి తోసింది.
తోపులో ఒక కాయ చిట్లింది.
తెల్లగా ఉన్న కండ
తలమంచి వచ్చేసరికి నల్లగా అయింది.

నేను దాన్నే చూస్తా ఉన్నా.
అమ్మ వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో ఎందుకేస్తుంది?
బాక్టీరియాకి భయపడా?
తెగినచోట గాలి తగిలితే
కాయలో ఉన్న ఎంజైమే పని మొదలుపెడుతుంది.
రొయ్యకీ అంతే.
ప్రాణం పొయ్యాక కూడా
దాని పని అది చేసుకుపోతానే ఉంటుంది.
బయటనించి ఎవరూ రానక్కర్లేదు.

నవ్వొచ్చింది.
"ఏందమ్మే?" అంది ముసలామె.
పెన్న బ్రిడ్జి మీద సిగ్నల్ లేక రైలు నిలబడిపోయింది.
కింద ఇసక, ఇసక మధ్య రవ్వన్ని నీళ్ళు.
నా దగ్గర జవాబుంది.
అడిగినాయన కావల్లో ఉన్నాడు.

రాత్రి మెసేజు రాశాను.
గౌరవనీయులైన అంటే పంచాయతీకి అర్జీలా ఉంది.
కృతజ్ఞతలు అంటే ఉద్యోగం వచ్చేసినట్టుంది.
కొట్టేసి కొట్టేసి, చివరికి మిగిలింది ఇంతే:
"మాల్యాద్రి సార్, మీరడిగిన రొయ్యకి తప్పు చెప్పాను.
అది ఎంజైము.
మా అమ్మ కోసిన వంకాయని ఉప్పునీళ్ళలో వేస్తుంది, అదే సంగతి.
అడిగినందుకు సంతోషం.
ప్రసూన, పదకొండు గంటలకి వచ్చినామె."

"తప్పు చెప్పానని ఎవురన్నా రాసిస్తారా?" అంది అక్క.
చుడీదార్ మడతపెట్టి ఇచ్చేశాను.
చంకలో ఉప్పు గీత మిగిలే ఉంది,
ఉతికే ఇచ్చా మరి.

రెండు టిక్కులు.
నాలుగోనాడు నీలమయ్యాయి.
అంతే.
కుక్కర్ కూసినా ఫోను చూసుకునేదాన్ని.
చేస్తాం అనే మాటకి తేదీ ఉండదని
ఆ గదిలో ఉండగా తోచలేదు.

పదోనాడు నేనే చేశాను.
ఇంట్లో అయితే అందరూ చెవులొగ్గుతారని
ట్రంకు రోడ్డు మీదికొచ్చి,
రెండు లారీల మధ్య వచ్చిన నిశ్శబ్దంలో.
తీసింది వాచ్‌మన్.
పేరు చెప్పాను. అర్థం కాలేదు.
ఇంటర్వ్యూ అన్నాను. ఏ ఇంటర్వ్యూ అన్నాడు.
ఊరు చెప్పాను, తారీఖు చెప్పాను.

"ఓ, వంకాయ పాపా!
నీ కాగితం సారు క్యాంటీన్లో అందరికీ చదివినాడు గదా!"

చెవి కాలింది. సిగ్గో, ఎండో.

"ఆ పోస్టయితే చీరాల పిల్లకి పొయ్యింది లేమ్మా...
ఉండు, సారు ఇట్నే వస్తా ఉండాడు.
పెట్టేయబాక. రవ్వంత ఉండు."

ఫోన్లో ఐసు పగలగొడతా ఉన్నారు.
ఎవరో నీళ్ళు కొట్టి నేల కడుగుతున్నారు.
చెప్పుల చప్పుడు దగ్గరికొస్తా ఉంది.
కబురు చేస్తాం అని ఆయన కూడా అనొచ్చు.
అంటే, ఈసారి
తేదీ అడుగుతాను.