పెన్సిల్ సున్నాలు

ఆటుపోట్ల పట్టిక ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది,
చేప బొమ్మ అయస్కాంతం కింద, మూల కాఫీ మరకతో.
ఎరుందీనా పోయింది అక్టోబరు తొమ్మిదిన.
పెన్సిల్ సున్నాలు మాత్రం
డిసెంబరు ముప్పై దాకా ఉన్నాయి.
అరోసా మొగలో నీళ్ళు బాగా వెనక్కి తీసే రోజులకి
జనవరిలోనే కూర్చుని సున్నాలు చుట్టేసేది,
ఏడాది మొత్తానికీ ఒక్క పూటలో.
"ముందే తెలిసినవి ముందే రాసేసుకుంటే పోలా?"

మంచి భార్య, మంచి తల్లి, అన్నాడు ఫాదర్.
నిజమే, కాదన్నదెవరు.
కానీ అవి ఏ కాలికైనా పట్టే మాటలు.
ఆమె బూట్లు ముప్పై ఆరో నంబరు,
ఎడమదాని మడమ దగ్గర సైకిల్ ట్యూబు అతుకు.
వేసింది నేనే, వంకరగా.
పదకొండేళ్ళు దాంతోనే బురద తొక్కింది.

దంతెతో ఇసక గీరి గుల్లలు ఏరేది.
మెడలో తాడుకి ఇత్తడి కొలత.
కొలతకి అందని పిల్లగుల్లని
విసిరెయ్యడం నేనెప్పుడూ వినలేదు.
బొటనవేలితో మళ్ళీ బురదలోకి నొక్కి
"ఇంకో వేసవి, తల్లీ" అనేదట.
అదే మాట
ఏడో నెలలో పుట్టిన ఉషియాతో కూడా అంది,
ఆసుపత్రి గాజుపెట్టె కంతలోంచి వేలు పెట్టి.
నేను వరండాలో సిగరెట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

కోపమొస్తే రేడియో గొంతు పెంచేది.
వీధి చివరివాళ్ళకి కూడా తెలిసేది
ఇవాళ అమారోకి తిండి లేదని.
దొసీండాతో నాలుగేళ్ళు మాటల్లేవు,
ఏదో ఓటు దగ్గర వచ్చిన తగువు.
ఆ నాలుగేళ్ళూ
భుజం పట్టేసిన దొసీండా బకెట్ కూడా
తూకపు షెడ్డు దాకా తనే మోసింది.
అడిగితే,
"మాట్లాడనన్నాను గానీ మొయ్యనన్నానా?"

అక్టోబరు పదిహేడు. సున్నా ఉంది.
అలారం లేకుండానే మెలకువ వచ్చింది.
నలభై ఒక్క ఏళ్ళ కాపురం,
పడవ ఇంజన్ల కింద పడుకున్న నేను
ఆ ఇసకలోకి ఒక్కనాడు దిగలేదు.
ఎనిమిదయినా తెల్లారలేదు.
తలదీపాలు పెట్టుకుని ఆడవాళ్ళు
వెనక్కి తగ్గే నీళ్ళ వెంట నడిచారు.
చూస్తూ నిలబడ్డాను, ఆమె బూట్లు చేత్తో పట్టుకుని.
నా కాలికి పట్టవు. ఎందుకు తెచ్చానో తెలీదు.
అందరి దంతెలూ గీరుతున్నాయి,
మధ్యలో ఒక మంచం పట్టేంత చోటు వదిలేసి.
ఎవరూ చెప్పలేదు అది ఎవరి చోటో.
దొసీండా వచ్చింది, రెండు చేతులా బకెట్లు.
ఒకటి నాకిచ్చింది.
అది ఖాళీది.
షెడ్డు దాకా మోశాను.

అట్లా ప్రతి సున్నాకీ వెళ్ళాను.
వానలో రెండుసార్లు, జ్వరంతో ఒకసారి.
ముప్పైనాటిది అయిపోయింది.

నిన్న సొసైటీవాళ్ళు కొత్త పట్టిక ఇచ్చారు.
బస్సు డ్యూటీ దిగి యూనిఫాం విప్పకుండానే
ఉషియా బల్ల ముందు కూర్చుంది,
వాళ్ళమ్మ కొరికిన పెన్సిల్ పట్టుకుని.
"ఎంత దిగితే సున్నా, నాన్నా?"
నాకు తెలీదు.
అడగడానికి మనిషి ఉన్నన్నాళ్ళూ
అడగాలని తోచలేదు.
పేకముక్కలు కలుపుతున్న దొసీండా
తలెత్తకుండా చెప్పింది:
"అర మీటరు. అంతకన్నా దిగితే."
ఉషియా వేలితో వెతికి, మొదటిది చుట్టింది.
గుండ్రంగా రాలేదు.
చెరపబోతే చెయ్యి పట్టుకున్నాను.

నీవీ గుండ్రంగా ఉండేవి కావు, ఎరుందీనా.