మూగదని అమ్మిన పిట్ట

వియానాలో ఓడలు కట్టే రేవు గేటు పక్కన
ఏడాదికోసారి నా వ్యాను ఆగుతుంది.
వ్యానులో ఒక గది, గదిలో ఇంకో బుల్లి గది,
స్పాంజి గోడలు, గాజు కిటికీ, ఒక స్టూలు.
"చప్పుడు వినబడగానే మీట నొక్కండి."
రోజుకు నలభైసార్లు ఈ ఒక్క మాటే నా ఉద్యోగం.

పదకొండోవాడుగా అదెలీను వచ్చాడు.
ముప్పై నాలుగేళ్లుగా ఉక్కు రేకుల మీద గ్రైండరు.
టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, చర్చిలో కూర్చున్నట్టు.
నొక్కాడు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు.
కాగితం మీద గీత బల్లపరుపుగా సాగింది,
పదహారేళ్ల కుర్రాడి గీత.
నాకు సంతోషం కలగలేదు.
గ్రైండరు ఎవరినీ అంత మర్యాదగా సాగనంపదు.

యంత్రం ఆపేశాను.
ఏ చప్పుడూ పంపకుండా
ఊరికే భుజం కదిపాను.

నొక్కాడు.

తలుపు తీసి ఎదురుగా కూర్చున్నాను.
అరవలేదు. పెదవులు కనబడేలా అడిగాను,
"ఎన్నాళ్లయింది?"
అతను జవాబు చెప్పలేదు, పిట్ట సంగతి చెప్పాడు.

"పసుపు కానరీ. రెండు పోటీలు గెలిచింది.
పోయిన చలికాలం పాట మానేసింది.
నోరు తెరుస్తుంది, గొంతు ఉబ్బుతుంది,
బయటికి మాత్రం ఏమీ రాదు.
గింజలు మార్చాను, ఉడికిన గుడ్డు పెట్టాను,
పంజరాన్ని ఎండలోకి జరిపాను.
ఇక మూగదని పక్కింటి బెల్మీరుకి
ఇరవై యూరోలకి ఇచ్చేశాను.
మూడోనాడు వాళ్లావిడ వచ్చింది,
మీ పిట్ట తెల్లారుజామునుంచీ
కంటిమీద కునుకు వేయనివ్వడం లేదు బాబూ, అని.
ఆ మాట కూడా
నేను ఆవిడ పెదవుల మీదే చదివాను."

చెవి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు
బరువు సామాన్లు చివరికి ఉంచుతుంది.
ముందుగా పోయేవి చిన్నాచితకా:
కానరీ కూత, టీ కెటిలు ఈల,
మనవరాలి మాటల్లో సకారాలు.
గ్రైండరు మాత్రం వినబడుతూనే ఉంటుంది
కాబట్టి, ఇల్లు భద్రంగా ఉందనుకుంటాం.
తాళం చెవి దొంగ దగ్గరే ఉంది.

"గీత పడిపోతే స్టోరులోకి తోస్తారు," అన్నాడు,
"ఓవర్‌టైం ఉండదు. పింఛనుకి ఇంకా రెండేళ్లు."
నేనేమనగలను?
గోడకి అంటించిన కంపెనీ హెచ్చరిక
తుప్పునీటికి సగం చెరిగిపోయి ఉంది.
దాన్ని పెడచెవిన పెట్టారని అనడానికైనా
ఎవరికో ఒకరికి చెవి మిగలాలి.

కొత్త కాగితం పెట్టాను.
స్టూలు గోడవైపు తిప్పాను.
ఈసారి గీత సగందాకా బాగానే నడిచి
ఒక్కసారిగా నూతిలోకి దిగింది.
అదెలీను దాన్ని వేలితో తడిమాడు, పైనుంచి కిందికి.
"నా చెవిని ఇన్నాళ్లకి చూశాను," అన్నాడు.

మధ్యాహ్నం వ్యాను మెట్ల మీద నేను రొట్టె తింటుంటే
క్రేను నీడలో అతనూ, కొత్తగా చేరిన తెల్ము.
కుర్రాడి మెడలో బిరడాల తాడు
పూసలదండలా ఊరికే వేలాడుతోంది.
అదెలీను వాడి చెవి పట్టుకున్నాడు.
మెలిపెడతాడేమో అనుకున్నాను.
పైకీ వెనక్కీ మెల్లగా లాగి,
నురగ బిరడాని పుల్లలా నలిపి లోపలికి తోసి,
అది ఉబ్బేదాకా వేలితో అదిమిపట్టి
రెండోచేతి వేళ్ల మీద లెక్కపెట్టాడు.
ముప్పై దాకా.
వాడు విసుక్కున్నాడు. రెండో చెవి కూడా.

ఈ ఏడు మళ్లీ వచ్చాను.
అదెలీను స్టోరులో బోల్టులు తూకం వేస్తున్నాడట.
పంజరం వెనక్కి అడగలేదట,
తన వంటింటి కిటికీ వైపు తిప్పి పెట్టమన్నాడట,
గొంతు ఉబ్బడం అక్కడినుంచి కనబడుతుందని.

తెల్ము స్టూలు మీద కూర్చున్నాడు.
యంత్రం ఆపేసి, చప్పుడు లేకుండా
భుజం కదిపాను.

నొక్కలేదు.
గాజు అవతలినుంచి
అయిపోయిందా అన్నట్టు నావైపు చూశాడు.
ఇంకా లేదని తల ఊపాను,
మళ్లీ ఒకసారి భుజం కదిపాను.