కొర్లగుంట, రాత్రి రెండున్నర

కొంచెం కొంచెం తాపండి, మాటిమాటికీ,
తాపినాక అరగంట నిలువునా ఎత్తుకోండి
అనింది డాక్టరమ్మ.
తాపి మీయమ్మ ఒరిగిపోయింది.
అరగంట నాది.

భుజమ్మీద పాత పంచె ముక్క,
దానిమీద నీ గడ్డం.
వీపు నిమరగా నిమరగా
ఒక్క తేన్పు.

కిటికీలో కొండ.
బస్సుల దీపాలు
ఎక్కేవి ఒక దోవన, దిగేవి ఇంకో దోవన.
నీ గొంతులోనే, బుజ్జమ్మా,
రెండిటికీ ఒకటే రోడ్డు.

కక్కే బిడ్డే దక్కే బిడ్డ అంటాది మా అవ్వ.
గుడ్డలుతికేది ఆమె కాదు కదా.

ఇరవై ఏడో నిమిషం.
చాల్లే, పండబెడదామని వంగినానో లేదో
వెచ్చగా, పులిసిన వాసనతో
మెడెనక్కి జారింది.

పంచె తిరగేసుకున్నా.
నువ్వేమో నవ్వినావు.
సరే.
ఒకటో నిమిషం.