మోకాటికందే ఎర్ర బొత్తాం

నర్ది చెక్కను పచ్చిమీదే చెక్కాలి.
ఎండితే పగులుద్ది, మాట వినదు.
అందుకే కరెంటెప్పుడుంటే అప్పుడే మా పని,
అన్నం ముందర పెట్టుకోనున్నా సరే.

వెనక రేకుల వసారాలో అర హెచ్‌పీ మోటారు,
దానికో గుడ్డచక్రం, గరుకుకాగితం బిళ్ళ.
చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు.
ఉదయగిరి కొండ నీడ వాకిట్లోకొచ్చేదాకా
పొట్టు, పొట్టు, పొట్టు.

వైరు వంటింటి ప్లగ్గులోంచి వచ్చేది.
టాపు లేదు, రెండు అగ్గిపుల్లలే బిరడా.
గడప కింద నలిగి, నీళ్ళబిందె కింద నలిగి
మోటారు దాకా చేరేది.
ఒంటికి తగిలితే చీమలు పాకినట్టుండేది.
"చెప్పులేసుకో మేయ్" అనేవాడు బాబ్జాన్.
మా ఇంట్లో కరెంటుకు అదొక్కటే మందు:
ఒక జత రబ్బరు చెప్పులు,
ఇద్దరం వంతులేసుకుని.

అక్టోబరు వానల్లో ఒకరోజు కరెంటు పోయింది.
స్విచ్చి ఆపాలని చీకట్లో ఎవరికి గుర్తు?
చక్రానికి చుట్టుకున్న పీచు లాగుతున్నాడు ఆయన.
వచ్చింది.

మూడు కుట్లు.
బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరగానే మొలుస్తోంది.

వింజమూరు నించి వచ్చింది పెంచలరత్నం,
ఐటీఐ చదివిన పిల్ల, జేబులో టెస్టరు.
"స్విచ్చాపక్కా" అంది. ఆపాను.
టెస్టరు పెట్టింది. ఎర్రగా వెలిగింది.
"నువ్వు మూసింది కరెంటు తిరిగిపోయే దారిని,
వచ్చే దారిని కాదు.
ఇది నిద్ర నటిస్తోందక్కా, ఇన్నేళ్ళుగా."

మీటరు దగ్గర్నించి వేరే లైను లాగింది,
లావు వైరు, గోడమీద పైపులో.
ఎరుపుకీ నలుపుకీ పని చెప్పింది.
"మరి పచ్చది?"
"దానికి రోజూ పనుండదు."
బట్టలుతికే బండ వెనక నిలువెత్తు గుంట,
ఇనప పైపు, బొగ్గు, ఇసకపల్లి రాళ్ళుప్పు.
"ఉప్పు పాతిపెట్టేదానికి కూడా డబ్బులా!"
బాబ్జాన్ గొణుగుడు.
నాలుగొందల చెంచాల కూలి మరి.

ఆఖర్న అడిగింది:
"మిషనాడేటప్పుడు నీ చేతులు యాడుంటాయక్కా?"
ఆ మాట నన్నెవరూ అడగలేదు.
రెండూ చెంచా మీదే.
"అయితే ఆపేది దేంతో?"
పీటమీద నన్ను కూచోబెట్టి
మోకాటి ఎత్తున సుద్దగీత గీసి
అక్కడ బిగించింది, పుట్టగొడుగంత ఎర్ర బొత్తాం.
బాబ్జాన్ పొడుగు, ఆయనకది పిక్కకి తగులుద్ది.
కానీ కొలత నాది.

ఎండాకాలం ఆ గుంటలో బిందెడు నీళ్ళు పోస్తుంటే
పక్కింటి మస్తానమ్మ గోడమీంచి చూసింది.
"ఏం మొక్కేశావు, రానే లేదు?"
"రాకూడదనే పోస్తున్నా."
అర్థం కాలేదామెకి. నవ్వి పోయింది.

రాత్రి మళ్ళీ పోయింది కరెంటు.
కాసేపటికి వచ్చింది.
బల్బు వెలిగింది, ఫ్యాను కదిలింది,
మస్తానమ్మ టీవీ మధ్యలోంచి మాట్లాడింది.
మోటారు మాత్రం కదల్లేదు.
ఇద్దరం దానికేసే చూస్తున్నాం.
బాబ్జాన్ వంకరగోరు వేలు
అది ఆగిన చక్రం మీద పెట్టాడు, మెల్లగా,
పిల్లికూన ఒంటిమీద పెట్టినట్టు.

చీకట్లో జారిన చెంచా పొట్టులో ఎక్కడో ఉంది.
అది దొరికేదాకా, ఆయన చెయ్యి తీసేదాకా
నేను పచ్చబొత్తాం నొక్కలేదు.