గాలి సోకిన బండి

"పొగ వచ్చిందా?"
అదే మొదటి మాట, రేడియోలో బెరిల్ ట్రాంటర్‌ది.
ఎక్కడున్నావని లేదు, ఎలా ఉన్నావని లేదు.
రాలేదన్నాను.
"తెల్లగా? నల్లగా? కాస్తయినా?"
ఏ రంగూ లేదు బెరిల్.
సైలెన్సరు వెనక అరచెయ్యి పెట్టి చూశాను,
ఒట్టి చల్లటి ఊపిరి.

జూలై. మన లెక్కన ఆషాఢం.
లాంగ్‌రీచ్‌కి పడమట ఈ దారిలో మాత్రం
గేటు ఇనుము ముట్టుకుంటే కరిచే చలికాలం.
గొలుసు విప్పి వెనక్కి వచ్చేసరికి
బండి దానంతటదే ఆగిపోయి ఉంది.
పన్నెండు కిలోమీటర్ల అవతల, వాళ్ళ యార్డులో
ఎర్రావు నొప్పులు పడుతోంది.
దూడది ఎదురుకాళ్ళు.
నా తాళ్ళూ తొడుగులూ మందులూ అన్నీ
ఇక్కడ, కదలని బండిలో.

బ్యాటరీకి రోగం లేదు. స్టార్టరు గిర్రున తిరుగుతోంది,
తిరగడమే తప్ప అంటుకోవడం లేదు.
నిప్పు లేనిదే పొగ రాదని మా సామెత, అన్నాను
ఏదో ఒకటి అనాలి కాబట్టి.
"మీ సామెత పెట్రోలు బండికి" అంది.
"డీజిల్‌కి రవ్వ ఎవరూ ఇవ్వరు.
గాలిని నొక్కితే ఆ వేడికే మండుతుంది.
పొగ లేదంటే నూనె అందడం లేదని. బానెట్ ఎత్తు."

ఆమె మాట మధ్యలో ఎక్కడో
ఆవు అరుపు వినపడి తెగిపోయింది.

డెబ్భై మూడేళ్ళ బెరిల్.
ఉన్ని కత్తిరించే జట్టుని ముప్ఫై ఏళ్ళు ఊరూరా తిప్పిన
లారీ ఆమెది, దాని మసి ఆమెది.

నుదుటి లైటు వెలుగులో ఫిల్టరు, దాని నెత్తిన నల్లటి బొత్తాం.
నొక్కాను.
"గట్టిగా ఉందా, దూదిలా ఉందా?"
దూదిలా.
"అయితే లోపల గాలి."

నవ్వొచ్చింది. ఆమె ఇంగ్లీషులోనే అంది,
నాకు మా మేనత్త గొంతుతో వినపడింది.
ఒళ్ళు వెచ్చబడితే చాలు, గాలి సోకిందే పిల్లకి అని
గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చే మేనత్త.
నా దగ్గర మిరపకాయలు లేవు.
పది నంబరు స్పానరుంది.

"ముందు దూరిన దారి మూయి, తర్వాత దూరినదాన్ని తీయి."
వెతికాను. క్లిప్పు కింద రబ్బరు గొట్టం మీద
వెంట్రుకంత చీలిక.
గిట్టలు చెక్కే కత్తితో ఆ కొస కోసేసి
మిగిలింది లాగి బిగించాను.

ఇక మిగతాది నాకూ తెలిసిన వైద్యమే.
గన్నవరంలో చదివే రోజుల్లో
పచ్చి పిల్లిపెసర మేసి డొక్క డోలైన గేదెకి
గొట్టపు సూది గుచ్చి, ముఖం పక్కకి తిప్పుకున్నాను.
అక్కడ బిగువు, ఇక్కడ మెత్తన.
ఉండకూడని చోట ఉన్నది మాత్రం అదే.

మర వదులు చేసి బొత్తాం నొక్కాను.
బుస. నురగ. మళ్ళీ నురగ.
ముప్ఫై, నలభై, ఆ పైన లెక్క తప్పింది.
బొటనవేలి కణుపు దగ్గర తోలు లేచింది.
బుడగలు,
బుడగ,
తర్వాత గాలి లేని డీజిల్, మణికట్టు దాకా.
బొత్తాం ఇప్పుడు వేలికి ఎదురు చెబుతోంది.

తాళం తిప్పాను.
ఒక సిలిండరు దగ్గింది. రెండోది విననట్టు ఊరుకుంది.
బండంతా ఒక పక్కకి కుంటి,
మిగతావి ఒక్కొక్కటే నిద్ర లేచి
అద్దంలో ఇంత పొగ!

వచ్చింది బెరిల్, తెల్లగా వచ్చింది, నల్లబడుతోంది!

జవాబు లేదు. గరగర. ఎగశ్వాస.
అప్పుడు తట్టింది నాకు,
ఇంతసేపూ ఒక చేత్తో రేడియో మీట నొక్కుతూ
రెండో చెయ్యి మోచేతి దాకా ఆవులో పెట్టి
దూడ కాలు జారకుండా పట్టుకునే మాట్లాడిందని.

"సరే, రా" అంది చివరికి. "నా చెయ్యి తిమ్మిరెక్కుతోంది."

ఇంకా మూడు గేట్లున్నాయి.
మూడుచోట్లా ఇంజను ఆపకుండా దిగాలి.